బంగారు గనిలో వెదికారు, ఇప్పుడు సముద్రం మీద వెదుకుతున్నారు



కేజీఎఫ్ అంటే ఈ కాలం పిల్లలకు సినిమా. మన పెద్దలకు అది తంగవయల్, కూలికి పోయిన ఊరు. చిత్తూరు వైపు నుండి తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాడు నుండి తమిళులు పోయి ఆ గనుల్లో దిగారు. సైన్సు చరిత్రలో ఆ గనులకు ఒక చోటుంది. మేము చదివి తెలుసుకున్నంత ఇక్కడ రాస్తున్నాము.

న్యూట్రినో అనే కణం భూమికి ఈ పక్క దూరి ఆ పక్క బయటికి పోతుంది. ఎప్పుడో ఒకటి రాయికి తగిలితేనే ఆనవాలు దొరుకుతుంది. నేల మీదనేమో ఆకాశం నుండి వేరే కణాలు వానలా పడుతుంటాయి. ఆ సందడిలో దీన్ని గుర్తుపట్టలేరు. అందుకని టాటా పరిశోధన సంస్థ, జపాన్ ఒసాకా, ఇంగ్లండు డర్హామ్ శాస్త్రజ్ఞులు కలిసి చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు పెట్టారు. పైనున్న రాయి మిగతావాటిని ఆపేసింది. కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టిన న్యూట్రినోల గుర్తు దొరికింది. 1965 ఆగస్టులో ఫలితం అచ్చయింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో వెదికిన రైన్స్ బృందం ఫలితం అదే నెలాఖరున వచ్చింది.

కోలారు వ్యాసం రాసినవారిలో పి.వి. రమణమూర్తి, వుల్ఫెండేల్ ఉన్నారు. 1986లో వీరిద్దరే గామా కిరణాల మీద కలిసి పుస్తకం రాశారు. ఈ రెండు దారులూ దూరమైనవి కావు. ఆకాశంలో ఎక్కడైనా మహావేగపు కణాలు ఢీకొంటే గామా కిరణాలూ న్యూట్రినోలూ కలిసే పుడతాయి. 2017 సెప్టెంబరు 22న దక్షిణ ధ్రువపు మంచులోని ఐస్‌క్యూబ్‌కు ఒక న్యూట్రినో చిక్కింది. అది వచ్చిన దిక్కునే ఒక దూరపు గెలాక్సీ గామా కిరణాలతో మండుతున్నట్టు ఫెర్మీ ఉపగ్రహం, మ్యాజిక్ టెలిస్కోపులు చూశాయి.

ఈ మ్యాజిక్ స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవి కొండ మీద ఉంది. 17 మీటర్ల అద్దాలతో రెండు టెలిస్కోపులు. పైన మబ్బు కమ్మి మామూలు పని సాగని రాత్రుల్లోనూ వీటిని కిందికి, సముద్రం వైపు తిప్పవచ్చు. భూమి అంచును రాసుకుంటూ వచ్చే టౌ న్యూట్రినో ఒకటి లోపల తగిలితే, దాని నుండి పుట్టిన కణం గాలిలోకి వచ్చి మెరుపు చూపాలి. సుమారు 30 గంటలు చూశారు. ఒకటీ దొరకలేదు. ఇన్నింటికి మించి రావడం లేదనే లెక్క మాత్రం తేలింది.

గనిలోనైనా కొండ మీదైనా కిటుకు ఒకటే. భూమినే అడ్డుగా పెట్టుకుని వెదకడం. కోలారులో ఆ అడ్డు కిందికి దారి తవ్వినది గని కార్మికులు.

గనులు 2001లో మూతపడ్డాయి. శాస్త్రజ్ఞుల పేర్లు వ్యాసంలో ఉన్నాయి. తవ్వినవారి పేర్లు మన ఇళ్లలోనే ఉన్నాయి. మీ తాతో మామో అక్కడ పనిచేసి ఉంటే, పేరు, గని, పనిచేసిన ఏళ్లు రాసి సంఘానికి ఇవ్వండి. అడిగితే చెప్పే పెద్దలు ఉన్నప్పుడే ఈ పని చేద్దాము.