చేపలు పట్టేది మనం, గుత్త కాగితం వేరేవాళ్లది: యానాదుల నీళ్ల చరిత్ర

పోస్టు పొడుగుంది, తీరిక చేసుకొని చదవండి. రాజంపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే మేం కొందరం రాత్రిళ్లు మాట్లాడుకున్నవి, పుస్తకాల్లో దొరికినవి, ఇండ్లకాడ పెద్దోళ్లు చెప్పినవి కలిపి రాస్తాండాం.

మొదలైంది ఒక చిన్న విషయంతో. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోతే మా కాలనీ దగ్గరి చెరువులో చేపలు పడతాండారు. నీళ్లల్లో నడుముదాకా దిగి వల లాగేది మా నాయనలు, చిన్నాయనలు. కట్ట మీద కాటా పెట్టుకొని కూర్చున్నది గుత్తదారు. సాయంత్రం కూలి ఇచ్చినారు. మా జేజి కూరకని రెండు చిన్న చేపలు కొంగులో వేసుకుంటే, అందరి ముందరా కొంగు దులిపించినారు. మా జేజి ఏమీ అనలేదు. మాకే నిద్ర పట్టలేదు. చేప పట్టే విద్య మనది కదా, చెరువు ఎప్పటినుంచి వేరేవాళ్లదైంది?

పాత సంగతికి పోతే, పింఛా, బాహుదా కలిసి చెయ్యేరవుతుంది. ఆ ఏటి వెంబడి, పెన్న వెంబడి, నెల్లూరు సముద్రం దాకా మనోళ్లుండారు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 4,62,167 మంది. మనోళ్లు వెదురుతో ఊత అల్లుతారు. మోకాలి లోతు నీళ్లల్లో ఊత మూసి, పైనుండే బొక్కలో చెయ్యి పెట్టి మట్టగిడసను పట్టుకుంటారు. కాలవ వాలులో కొడమ కట్టి పొద్దున్నే పోయి చూసుకుంటారు. ఈ పనికి పెట్టుబడి లేదు. నీళ్లు చూసి చేప యాడుందో చెప్పడమే పెట్టుబడి.

1897లో బ్రిటిష్ వాళ్లు భారత మత్స్య చట్టం తెచ్చినారు. నీళ్లల్లో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమన్నారు. మందుగుండు సంగతి సరే, అది మంచిదే. కానీ అదే చట్టంలో, నేలకు పాతి కదలకుండా పెట్టే వలలనూ బుట్టలనూ ప్రభుత్వం నిషేధించొచ్చు అని కూడా రాసినారు. అంటే మన కొడమ కూడా ఆ మాటలోకి వస్తుంది. దానికి ముందే 1871లో నేరస్థ జాతుల చట్టం ఉంది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చినారు. మనోళ్లను చాలామందిని ఆ పట్టీలో ఎక్కించినారు. పేరు పట్టీలో ఉన్నోడు చెప్పకుండా ఊరు దాటకూడదు, పిలిచినప్పుడు హాజరు పలకాల. చేపేమో రాత్రిపూట మేతకొస్తుంది. రాత్రి ఏట్లో గాలంతో దొరికినోడు తాను దొంగ కాదని ఎవరికి చెప్పుకుంటాడు? చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు చట్టాలను వేరే వేరే పాఠాల్లో చెప్తారు. మాకు మాత్రం రెండూ ఒకే చెరువు గట్టున కలిసినట్టు అనిపించింది.

ఆ చట్టం మద్రాసులో 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. దాని మీద కొట్లాడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో మన మీద ఇంగ్లీషులో పుస్తకం రాసినారు. దొరికితే చదవండి. పట్టీ పోయింది కానీ ఏరు, చెరువు తిరిగి రాలేదు. ఎందుకంటే అప్పటికే చెరువు నీళ్లు ఒక లెక్క, అందులో చేపలు ఇంకో లెక్క అయిపోయినాయి. చేపల లెక్క వేలంపాటకు పోయింది.

ఇప్పుడు మనం తెలుసుకోవాల్సిన అసలు చిక్కు ఇదీ. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో చేపల పెంపకం పంచాయతీల పనుల్లో ఒకటి. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న చెరువుల నిర్వహణ పంచాయతీలకే ఇమ్మంది. కానీ మన కడప జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. మనం మైదాన ప్రాంత గిరిజనులం. మనకోసమని నెల్లూరులో ఐటీడీఏ పెట్టినారు కానీ పెసా మనకు రాదు. ఇంకోపక్క, మత్స్యకార కులాలంటే సర్కారు పట్టీలో బెస్త, జాలరి, పల్లె, గంగపుత్ర లాంటివి, బీసీ-ఏలో ఉండేవి. మనం ఎస్టీ. గిరిజనుల ఆఫీసుకు పోతే చేపల ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడికి పోతే మీరు మత్స్యకారులు కాదు కదా అంటారు. బెస్తోళ్ల మీద మాకేం కోపం లేదు, వాళ్లూ గుత్తదార్ల కింద నలిగేవాళ్లే.

ఒక దారి మాత్రం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(డి) చూడండి. నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు అని సూటిగా రాసి ఉంది. ఈ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమే కావాలని లేదు. అయితే అది అడవి భూముల్లో ఉండే నీళ్లకే. శేషాచలం అంచున ఉండే మన కాలనీల వాళ్లు ఆ కుంటలు ఎవరి లెక్కలో ఉన్నాయో కనుక్కోవాల.

ఇక 2021 నవంబర్ 19. ఆ తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. దానికి ముందే పైన పింఛా కట్ట పోయింది. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట, గుండ్లూరు వైపు మనుషులు, పశువులు, ఇండ్లు కొట్టుకపోయినాయి. ఆ దుఃఖం ముందర చేపల మాట చిన్నదే. అయినా 2.24 టీఎంసీల నీళ్లు నిలిచే జాగా పోయిందంటే, దాని మీద బతికేవాళ్లకు ఏం మిగిలిందో ఎవరూ లెక్క రాయలేదు. వల పోయిందని నష్టపరిహారం అడగాలంటే మత్స్యకారుడని కాగితం ఉండాల. మళ్లీ అదే కాగితం.

పథకాలు లేవని కాదు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్సీ, ఎస్టీ, మహిళలకు సబ్సిడీ 60 శాతం, మిగిలినవాళ్లకు 40 శాతం. 2024 అక్టోబర్ 2న మొదలైన ధర్తీ ఆబా పథకంలో 10,000 గిరిజన సమూహాలకు, లక్ష మందికి చేపల పెంపకంలో సాయం చేస్తామన్నారు. కానీ మిగిలిన 40 శాతం ఎవరు పెట్టాల? ఇక్కడే గుత్తదారు మళ్లీ వస్తాడు, మన పేరు పెట్టి తన డబ్బు పెట్టి.

పెట్టుబడి దొరికినా పని తెలియాల. మన పక్క చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకు, అంటే అక్టోబరు, నవంబరు. మే నెలకు అడుగు కనిపిస్తుంది. ఆరేడు నెలల్లో అమ్మాలంటే చిటికెనవేలంత పిల్లల్ని వదిలితే లాభం లేదు, పెద్ద పిల్లలే వదలాల. బొచ్చె పైన మేస్తుంది, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున. మూడూ కలిపితేనే చెరువు మేత అంతా వాడినట్టు. సంచిని కాసేపు నీళ్లల్లో తేలనిచ్చి, నీళ్ల వేడికి అలవాటయినాక వదలాల. ఇదంతా మా నాయనోళ్లకు చెప్తే ‘ఇది మాకు తెలీదా’ అని నవ్వినారు. వాళ్లకు తెలియంది లెక్కల పుస్తకం, తీర్మానం రాయడం, బ్యాంకులో సంతకం. అది మనకు తెలుసు.

ఇట్లా చేసినోళ్లు ఉన్నారు. మధ్యప్రదేశ్‌లో తవా డ్యాం కింద ఊర్లు పోయిన గోండులు, కోర్కులు కొట్లాడి 1996లో ఆ రిజర్వాయరు గుత్తను తమ తవా మత్స్య సంఘానికి తెచ్చుకున్నారు. పదేళ్లు వాళ్లే పట్టుకున్నారు, వాళ్లే అమ్ముకున్నారు. 2006 తర్వాత పులుల అడవి అని చెప్పి గుత్త పొడిగించలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1850లలో చేసుకున్న ఒప్పందాలను పట్టుకొని, 1974లో జడ్జి బోల్డ్, అక్కడి తెగలకు చేపల్లో సగం వాటా ఉందని తీర్పు ఇచ్చినాడు. చేపలు పట్టినందుకు బిల్లీ ఫ్రాంక్ అనే పెద్దాయనను అంతకుముందు యాభైసార్లకు పైగా అరెస్టు చేసినారు. వాళ్ల చేతిలో ఒప్పందం కాగితం ఉంది. మన తాతలతో ఎవరూ ఒప్పందం రాసుకోలేదు.

మేం ఇప్పటికి చేసింది ఒకటే. మా కాలనీలో ఊత, వల పని వచ్చినవాళ్ల పేర్లు నోటుబుక్కులో రాసుకుంటాండాం. ఆడోళ్ల పేర్లు కూడా. మొదట మా జేజి పేరు రాసినాం. మీ ఊరి చెరువు గుత్త ఏ నెలలో ముగుస్తుందో, ఎవరి పేరు మీద ఉందో పంచాయతీలో అడిగి ఇక్కడ పెట్టండి. అడిగితే చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఎట్లా రాయాలో మేం రాసి పంపుతాం, ఊరి పంచాయతీకైతే దరఖాస్తు ఫీజు లేదు. వేలంపాట దండోరా ఎవరికి వినబడినా ముందు గ్రూపులో వేయండి.