పునీత విన్సెంట్ డి పాల్ సభ: నాయకత్వం, సేవ

పునీత విన్సెంట్ డి పాల్ సభ క్యాథలిక్ గృహస్థులు నడుపుకునే సోదర సేవా సంఘం. 1833 ఏప్రిల్ 23న పారిస్‌లో పుట్టింది. ప్రస్తుతం 150కి పైగా దేశాల్లో ఉంది, సభ్యులు దాదాపు 8 లక్షల మంది. ఇండియాకు ఇది 19వ శతాబ్దంలోనే వచ్చింది. తెలుగు విచారణల్లో (పారిష్‌లలో) దీన్ని విన్సెంట్ డి పాల్ సభ అనీ, పొట్టిగా ఎస్.వి.పి. అనీ అంటారు. సభ్యుల్లో టీచర్లుంటారు, రైతులుంటారు, కిరాణా కొట్టువాళ్లుంటారు, రిటైరైన ఉద్యోగులుంటారు. ఎవరికీ జీతం లేదు. అధ్యక్షుణ్ని సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. విచారణ గురువులు సలహా ఇస్తారు, కుర్చీలో మాత్రం కూర్చోరు. ఫాదర్ గారి మాట దాటని మన పల్లె విచారణల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

పేరును బట్టి ఈ సభను పునీత విన్సెంట్ డి పాల్ స్వయంగా పెట్టాడని చాలామంది అనుకుంటారు. ఆయన కాలం 1581 నుంచి 1660 వరకు. ఆయన స్థాపించింది గురువుల సంఘాన్ని (1625), లూయీజ్ ద మరిలాక్‌తో కలిసి మఠకన్యల సంఘాన్ని (1633). గృహస్థుల సభ ఆయన పోయిన 173 ఏళ్లకు గాని రాలేదు. పాలక పునీతుడిగా ఆయన పేరును ఎంచుకున్నారు, అంతే.

ఆరంభం

1832లో పారిస్‌లో కలరా విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజుల్లో సోర్బాన్‌లో చదువుకుంటున్న కొందరు క్యాథలిక్ కుర్రాళ్లు చరిత్ర చర్చా గోష్ఠి నడుపుతుండేవారు. వాళ్లలో ఫ్రెడరిక్ ఓజానాం ఒకడు. 1813 ఏప్రిల్ 23న మిలాన్‌లో పుట్టాడు, లియోన్‌లో పెరిగాడు, లా చదవడానికి రాజధానికి వచ్చాడు. గోష్ఠికి మతమంటే గిట్టనివాళ్లు, సెయింట్ సైమన్ సిద్ధాంతాన్ని నమ్మినవాళ్లు కూడా వచ్చేవారు. ఒకనాటి వాదంలో వాళ్లు సూటిగానే అడిగారు: మీ క్యాథలిక్ శ్రీసభ ఒకప్పుడు ఘనకార్యాలు చేసి ఉండొచ్చు, ఇప్పుడు పేదలకోసం మీరు చేస్తున్నదేమిటని.

ఓజానాం దగ్గర దానికి జవాబు లేదు. అతనూ, మిత్రుడు ఒగూస్త్ ల తయాందియే కలిసి చలికాలానికి దాచుకున్న కట్టెల్లో మిగిలినవి మోసుకెళ్లి ఒక పేదవాడి ఇంట్లో పడేసి వచ్చారు. సభ చరిత్రలో మొదటి సేవ ఆ కట్టెలమోపే.

ఆరుగురు విద్యార్థులు, వాళ్లకంటే పెద్దవాడైన ఎమాన్యుయెల్ బయీ అనే పత్రికా సంపాదకుడు కలిసి మొదటి సమావేశం జరుపుకున్నారు. అది జరిగింది బయీ పత్రికాఫీసులోనే. ఉత్సాహం ఉంది గాని పేదల ఇళ్లు ఎక్కడున్నాయో, లోపలికి వెళ్లాక ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియదు. ఆ పాఠం నేర్పింది ముఫ్‌తార్ వీధి పేదపేటలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న రోజాలీ రాందూ అనే మఠకన్య. ఆమె కుటుంబాల జాబితా ఇచ్చింది, రొట్టెలకు చీటీలిచ్చింది, గుమ్మంలో ఎలా నిలబడాలో కూడా చెప్పింది. ఆమెను 2003లో ధన్యజీవిగా ప్రకటించారు. సభ స్థాపకుల పేర్లు చెప్పేటప్పుడు ఈమెను చివర్లో ఎక్కడో తలుస్తారు. నిజానికి ఈమె లేకపోతే ఆ కుర్రాళ్ల సభ నాలుగు వారాలు నడిచేది కాదు.

పగ్గాలు ఎవరి చేతిలో

అధ్యక్ష పీఠంమీద కూర్చున్నవాడు బయీ. 1844 దాకా ఆయనే ఉన్నాడు. ఓజానాం లియోన్‌లో స్థానిక శాఖ బాధ్యత మోశాడు, 1844లో సర్వసభకు ఉపాధ్యక్షుడయ్యాడు. సర్వసభాధ్యక్షుడు మాత్రం ఏనాడూ కాలేదు. 1853 సెప్టెంబరు 8న మార్సేలో నలభై ఏళ్ల వయసులో చనిపోయేనాటికి అతను సోర్బాన్‌లో ఆచార్యుడు. 1997 ఆగస్టు 22న పోపు రెండవ జాన్ పాల్ పారిస్ నోత్ర్ దామ్‌లో అతన్ని ధన్యజీవిగా ప్రకటించారు.

తొలి నాయకత్వ పరీక్ష 1834 చివర్లో వచ్చింది. ఏడుగురితో మొదలైన సభ వందమంది దాటింది. ఒకే గదిలో ఇరుక్కుని కూర్చుంటే పని సాగదు, శాఖలుగా విడిపోదామని ఓజానాం ప్రతిపాదించాడు. స్నేహం చెడుతుందని కొందరు గట్టిగా ఎదురు తిరిగారు. వాదన వేడెక్కి కన్నీళ్లదాకా వెళ్లింది. చివరికి విడిపోవడానికే ఒప్పుకున్నారు. విడిపోబట్టే సభ పెరిగింది. 1835లో నియమావళి రాసుకున్నారు. 1836లో రోమ్, 1844లో ఇంగ్లండు, ఐర్లండు, 1845లో అమెరికాలోని సెయింట్ లూయిస్ శాఖలు వెలిశాయి.

రెండో పరీక్ష సర్కారు పెట్టింది. మూడవ నెపోలియన్ ఏలుబడిలో ఊరూరా శాఖలున్న సంఘమంటే ప్రభుత్వానికి గుబులు. 1861లో హోం మంత్రి పెర్సిన్యీ సర్క్యులర్ జారీ చేశాడు. కేంద్ర సంఘం ఉండాలంటే దాని అధ్యక్షుణ్ని చక్రవర్తి నియమించాలన్నది సారాంశం. అప్పటి అధ్యక్షుడు అడోల్ఫ్ బోదాన్. చక్రవర్తి చేతి అధ్యక్షుడు మాకొద్దని శాఖల్లో అత్యధికం తేల్చిచెప్పాయి. పారిస్ కేంద్ర సంఘం రద్దయింది. ఊళ్లలోని శాఖలు ఎవరికి వారుగా పేదల ఇళ్లకు వెళ్తూనే ఉన్నాయి. తల తీసేసినా మొండెం నడిచిందంటే తొలినాళ్లలో శాఖలుగా విడిపోవడానికి పడ్డ గొడవ వృథా కాలేదన్నమాట.

ఇదే బోదాన్ 1848 నుంచి 1886 దాకా, అంటే 38 ఏళ్లు, అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆ కాలంలో అది తప్పుగా తోచలేదు. ఇప్పుడు అంతర్జాతీయ అధ్యక్షుడి పదవి ఆరేళ్లు. కిందిస్థాయిలోనూ గడువు ఉంది. గడువు తీరితే దిగి మామూలు సభ్యుడిగా కూర్చోవాలి. ఊళ్లో ఒకసారి అధ్యక్షుడైనవాణ్ని జీవితాంతం ప్రెసిడెంటు గారూ అని పిలవడం మనకు అలవాటు. పిలుపు ఉంటే ఉండనీ, సంతకం మాత్రం కొత్తవాడిదే చెల్లుతుంది.

స్త్రీల సంగతి ఆలస్యంగా తేలింది. మొదట్లో ఇది మగవాళ్ల సభ. 1856లో ఇటలీలోని బొలోన్యాలో చెలెస్తీనా స్కరాబెల్లి స్త్రీలకు వేరే సభ పెట్టింది. రెండూ ఒకటైంది 1967లో. నూటపదకొండేళ్లు పట్టింది. పేద ఇంటికి వెళితే అసలు కష్టం చెప్పుకునేది ఆ ఇంటి ఆడమనిషే అన్నది మొదటి రోజునుంచీ తెలిసిన విషయమే అయినా.

సమావేశం ఎలా నడుస్తుంది

సభకు పునాది విచారణ స్థాయి శాఖ. దీన్ని కాన్ఫరెన్స్ అంటారు. కొన్ని కాన్ఫరెన్సులు కలిస్తే పర్టిక్యులర్ కౌన్సిల్, ఆపైన సెంట్రల్ కౌన్సిల్, జాతీయ కౌన్సిల్, అన్నిటికీ పైన పారిస్‌లోని అంతర్జాతీయ కౌన్సిల్. కొత్త శాఖకు గుర్తింపు పత్రం పారిస్ నుంచే రావాలి. అధ్యక్షుణ్ని ఎన్నుకున్నాక ఉపాధ్యక్షుణ్ని, కార్యదర్శిని, కోశాధికారిని ఆయనే నియమించుకుంటాడు.

వారానికో, పక్షానికో కూడతారు. ప్రార్థన, కాసేపు ఆధ్యాత్మిక పఠనం, గత మినిట్స్ చదవడం, తర్వాత ఎవరెవరు ఏ ఇంటికి వెళ్లారో చెప్పడం. ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లాలన్నది పాత నియమం. ఒక్కడే వెళితే దాత అవుతాడు, ఇద్దరు వెళితే చుట్టాలవుతారు. పైగా చూసింది చూసినట్టు చెప్పడానికి ఒకరికొకరు సాక్షి. ఏ కుటుంబానికి ఏం చేయాలో అందరూ కలిసి తేలుస్తారు. అధ్యక్షుడు సొంతంగా మాట ఇచ్చి రాకూడదు.

ఆఖర్న చిన్న గుడ్డసంచి ఒకటి చేతులు మారుతుంది. దీన్ని రహస్య చందా అంటారు. ఒక్కొక్కరూ పిడికిలి బిగించి సంచిలో పెట్టి, లోపలే విప్పి, ఖాళీ చేయి బయటికి తీస్తారు. ఐదొందలు వేసినవాడి పిడికిలీ, ఏమీ లేక ఉత్తచేయి పెట్టినవాడి పిడికిలీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కోశాధికారి మొత్తం లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాడు, పేర్లు రాయడు. కూలికి వెళ్లే సభ్యుడూ ఆసామీ సభ్యుడూ పక్కపక్కన తల దించుకోకుండా కూర్చోగలగడం ఈ సంచి చలవే. సభ నియమాలన్నిట్లోకీ తెలివైనది ఏదంటే నా ఓటు దీనికే.

సాయం అందుకున్నవాళ్ల పేర్లు బయటపెట్టకూడదన్నది మరో కట్టడి. బియ్యం బస్తా పక్కన నిలబెట్టి ఫోటో తీయడం, ఫ్లెక్సీ వేయించడం సభ సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. ఈ నియమం ఎంత పాటిస్తే ఆ శాఖ అంత నికార్సైనదని లెక్క.

డబ్బు చందాలతో పాటు మరో దారి ట్వినింగ్. విదేశంలోని ఒక శాఖ, ఇక్కడి ఒక శాఖ జోడీ కడతాయి. ఉత్తరాలు నడుస్తాయి, ఒకరికోసం ఒకరు ప్రార్థించుకుంటారు, అక్కడినుంచి కొంత సాయం వస్తుంది. ఆస్ట్రేలియా శాఖలకు ఇలా ఇండియా శాఖలతో జోడీలున్నాయి.

నేరేడుచర్ల వైపు

ఈ సభ పని తెలుగు పల్లెల్లో ఎలా ఉంటుందో చూడాలంటే నేరేడుచర్ల వైపు వెళ్లొచ్చు. సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల మిర్యాలగూడకూ కోదాడకూ నడుమ, నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీటితో పండే వరి నేల. ఈ చుట్టుపక్కల క్యాథలిక్కులు నల్గొండ మేత్రాసనం కిందికి వస్తారు. హైదరాబాద్ ప్రాంతానికి 19వ శతాబ్దం నడిమి నుంచీ వేరే శ్రీసభ పాలన ఉంది, 1886లో అది మేత్రాసనమైంది, 1953లో అగ్రపీఠమైంది. 1976 మే 31న నల్గొండ వేరుపడింది. మొదటి పీఠాధిపతి మిలాన్ మిషనరీ సంఘానికి చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్. నేరేడుచర్లకు దగ్గర్లోని మఠంపల్లి శుభవార్త చర్చి ఈ ప్రాంతంలో పేరున్న క్యాథలిక్ కేంద్రం.

తెలుగు విచారణల్లో గృహస్థ నాయకత్వానికి మూలపురుషుడు ఉపదేశి. గురువులు ఏ నెలకో రెండు నెలలకో వచ్చే ఊళ్లలో జపాలు చెప్పించిందీ, జబ్బు చేసినవాళ్ల దగ్గర కూర్చున్నదీ, పోయినవాళ్లను సమాధి చేయించిందీ ఆయనే. తర్వాత మరియదళం, విన్సెంట్ డి పాల్ సభ, యువజన సంఘాలు వచ్చాయి. మరియదళానికీ ఈ సభకూ చుట్టరికం ఉంది. 1921లో డబ్లిన్‌లో మరియదళం స్థాపించిన ఫ్రాంక్ డఫ్ అంతకుముందు విన్సెంట్ డి పాల్ సభ్యుడే. మరియదళం జపానికీ ఆత్మల మేలుకూ పెద్దపీట వేసింది, డబ్బు సాయం ముట్టుకోలేదు. ఆ పని ఈ సభకు మిగిలింది.

పారిస్‌లో సభ్యుడు ఒక పేట నుంచి ఇంకో పేటకు వెళ్లాలి. కాల్వకింది ఊళ్లలో సభ్యుడూ సాయం కావలసినవాడూ తరచుగా ఒకే వాడలో ఉంటారు. నాట్లప్పుడు, కలుపులప్పుడు చేతినిండా పని ఉన్న ఇంటికి కోతల్లో పని లేదు, కోతమిషన్లు వచ్చాక. కాల్వకు నీళ్లు వదలని ఏడాది ఆ పాటి కూలీ కూడా ఉండదు. అప్పుడు కావలసింది బియ్యం ఒక్కటే కాదు. పిల్లల ఫీజు, మందులు, పింఛను కాగితాలు, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి. కుట్టుమిషన్ కొనిపెట్టడం, ఇంటికప్పు బాగుచేయించడం, దిక్కులేని శవానికి పెట్టె తేవడం సభ పనుల్లో ఉన్నవే. మతం చూసి సాయం చేయకూడదన్నది నియమావళిలోని మాట, కాబట్టి తలుపు ఎవరిదైనా తట్టవచ్చు.

కులం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. తెలుగు క్యాథలిక్కుల్లో ఎక్కువమంది దళితులు. 18వ శతాబ్దం నుంచి క్రైస్తవంలో ఉన్న రెడ్డి, కమ్మ కుటుంబాలూ ఉన్నాయి. విచారణ సంఘాల పెత్తనం జనాభా లెక్కన దక్కలేదన్నది దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా ఎత్తిచూపుతున్న విషయం. రహస్య ఓటు, గడువు ఉన్న పదవి ఈ చిక్కుకు పూర్తి మందు కావు గాని, తలుపు మాత్రం తీసిపెట్టాయి. శ్రీసభలో పైమెట్టున మార్పు ఇటీవలే కనిపించింది: హైదరాబాద్ అగ్రపీఠాధిపతి ఆంతోని పూల 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆయనే మొదటి కార్డినల్.

ఇదే దారిలో మరొకటి

క్యాథలిక్ సోదర సంఘమనగానే అమెరికాలో గుర్తొచ్చేది నైట్స్ ఆఫ్ కొలంబస్. ఐరిష్ వలస కూలీల కుటుంబాల్లో సంపాదించే మగవాడు పోతే భార్యాబిడ్డలు వీధినపడేవారు. కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీ 1882లో ఈ సంఘం పెట్టి, సభ్యుల చందాలతో బీమా ఏర్పాటు చేశాడు. అధ్యక్షత గృహస్థుడికే ఉండాలని పట్టుబట్టి, తాను కార్యదర్శి పని తీసుకున్నాడు. జేమ్స్ ముల్లెన్ మొదటి సుప్రీం నైట్ అయ్యాడు. మెక్‌గివ్నీ 38 ఏళ్లకే 1890లో చనిపోయాడు, 2020 అక్టోబరు 31న ధన్యజీవి అయ్యాడు. ఆ సంఘంలో బిరుదులు, కత్తులు, టోపీలు, ఊరేగింపులు ఉన్నాయి. విన్సెంట్ డి పాల్ సభలో ఇవేవీ లేవు. అక్కడ సాయం ముందుగా సభ్యుడి ఇంటికే, ఇక్కడ బయటివాడి ఇంటికి. గురువు వెనక కూర్చుని గృహస్థుణ్ని ముందు నిలబెట్టడంలో మాత్రం రెండూ ఒకటే.

విన్సెంట్ డి పాల్ సభ ప్రస్తుత అంతర్జాతీయ నియమావళి 2003 నాటిది. పాలక పునీతుడి పండుగ ఏటా సెప్టెంబరు 27న జరుపుకుంటారు. ఓజానాం పండుగ ఆయన పోయిన రోజైన సెప్టెంబరు 8న పడాలి గాని, అది మరియమాత జన్మదినం కావడంతో మర్నాటికి జరిపి 9న చేస్తారు.