బెవన్‌కు నచ్చని డబ్బాలు

మా బావగారికి పక్షవాతం వచ్చాక, స్ట్రోక్ అసోసియేషన్ కోసం ఇక్కడ బ్రిటన్‌లో, లెస్టర్ బజార్లో డబ్బా పట్టుకుని చందాలు అడుగుతున్నానని చెబితే విజయవాడ నుంచి మా పిన్ని, "అదేంట్రా, అక్కడ వైద్యం ఫ్రీ అన్నావుగా?" అంది. న్యాయమైన ప్రశ్నే.

1948 జూలై 5న ఉచిత వైద్యమిచ్చే నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలయ్యేదాకా బ్రిటన్‌లో పేరున్న ఆసుపత్రులు చాలావరకు ధర్మాసుపత్రులే. దాతల సొమ్ముతో, కార్మికులు వారంవారం కట్టే పెన్నీలతో, వీధి చందాలతో నడిచేవి. 1912లో అలెగ్జాండ్రా రాణి చొరవతో లండన్‌లో గులాబీల రోజు పెట్టారు. డబ్బాలో చిల్లర వేస్తే చేత్తో చేసిన గులాబీ ఇచ్చేవారు. డబ్బు ఆసుపత్రులకు వెళ్లేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇలాంటి వసూళ్లు ఎంత పెరిగాయంటే, 1916లో వాటిని అదుపు చేసే అధికారాన్ని చట్టం చేసి ఇచ్చారు. ఇప్పటికీ అనుమతి లేనిదే వీధిలో డబ్బా ఊపకూడదు.

నేషనల్ హెల్త్ సర్వీస్‌ను తెచ్చిన ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవన్‌కు ఈ తంతు అస్సలు గిట్టేది కాదు. ఆయనది వేల్స్‌లో ట్రెడీగర్, బొగ్గుగనుల ఊరు. అక్కడ కార్మికులు తలా కొంత వేసుకుని సొంతంగా డాక్టర్లను పెట్టుకున్నారు. చేయాల్సిన పని వదిలి నర్సులు వీధిలో చందాలు అడగడం చూస్తే ఏవగింపు పుడుతుందని 1946లో పార్లమెంటులోనే అన్నాడు. అన్నట్టే ఆసుపత్రుల ఖర్చు పన్నుల మీదికి మార్చాడు.

మరి డబ్బా ఎందుకు పోలేదు? నేను డబ్బా పట్టిన సంస్థ చరిత్రే చూడండి. 1898లో క్షయ నివారణకు పుట్టింది. క్షయ తగ్గుముఖం పట్టాక మూతపడకుండా ఊపిరితిత్తులు, గుండె మీదుగా పక్షవాతానికి వచ్చింది. ఇప్పటి పేరు 1990లలో గాని రాలేదు. ప్రభుత్వం చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడికి వెళ్లింది.

మా బావగారి విషయంలో అంబులెన్సు, స్కానింగు, గడ్డ కరిగించే ఇంజెక్షను అన్నీ పన్నుల సొమ్ముతోనే జరిగాయి. పైసా అడగలేదు. తిప్పలన్నీ ఇంటికొచ్చాకే. కుడిచెయ్యి లేవదు, మాట రాదు. మనం చెప్పేది అర్థమవుతుంది, జవాబు మాత్రం పెదవి దాటదు. వచ్చే నాలుగు మాటలూ తెలుగే. స్పీచ్ థెరపిస్టుకు తెలుగు రాదు. మధ్యలో మా అక్క కూర్చుంటేగాని సాగేది కాదు. స్ట్రోక్ అసోసియేషన్ చందాలతో నడిపే బృందంలో తనలాంటివాళ్ల మధ్య కూర్చున్నాక ఆయన నోరు తెరవడానికి సిగ్గుపడటం మానేశారు.

ప్రభుత్వం పూర్తిగా తప్పుకోనూ లేదు. 1990లో వచ్చిన గిఫ్ట్ ఎయిడ్ కింద, పన్ను కట్టేవాళ్లు ఒక పౌండు ఇచ్చి సంతకం పెడితే సంస్థకు మరో 25 పెన్నీలు ఖజానా నుంచి వస్తాయి. అయినా, స్పీచ్ థెరపీ దాకా బెవన్ మాటే సరైందని నా పట్టు: అది చందాల మీద వదిలే పని కాదు, కావలసినన్నాళ్లు ప్రభుత్వమే ఇప్పించాలి. టీ తాగుతూ తడబడుతూ మాట్లాడుకునే ఆ బృందం కోసమైతే డబ్బా ఊపడానికి నాకేం నామోషీ లేదని పిన్నికి చెప్పాను.