పాళణాఘర్: కార్ఖానా యజమానులు, కార్మికుల బిడ్డలు

మన పద్మశాలీ కుటుంబములు తెలంగాణమునుండి షోలాపురమునకు వలస వచ్చిన కథ పలుమారులు వ్రాయబడినది. 1877లో ఇచ్చట నూలు మిల్లు వెలసిన పిమ్మట చేనేతవారిలో అనేకులు మిల్లు కూలికి కుదిరిరి. తల్లి మిల్లులోనికి పోయినప్పుడు ఒడిలోని బిడ్డ ఎవరియొద్ద నుండెను? ఈ ప్రశ్నను మనవారు అంతగా పట్టించుకొనలేదు.

బొంబాయి మిల్లు వాడలలో తల్లులు పసివారికి నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనికి పోవుచుండిరని 1920ల నాటి విచారణలవలన తెలియుచున్నది. వారిని కఠినులనుట తగదు. ఇంట పెద్దదిక్కు లేదు, మిల్లు కూత ఆగదు. 1931లో రాయల్ కమిషన్ శిశుశాలలు అవసరమని చెప్పెను. 1934 ఫ్యాక్టరీ చట్టము ఇందుకు నియమములు చేయు అధికారమును ప్రాంతీయ ప్రభుత్వముల కిచ్చెను. 1948 చట్టముతో 50 మందికి మించి స్త్రీలు పనిచేయు ప్రతి ఫ్యాక్టరీకి అది విధియైనది. ఆరేండ్లలోపు బిడ్డలకు గాలి వెలుతురు గల గది, శిక్షణ పొందిన స్త్రీల పర్యవేక్షణ ఉండవలెను. మహారాష్ట్రమున దీనిని పాళణాఘర్ అందురు, అనగా ఉయ్యాలల ఇల్లు.

1976లో ఆ 50ని 30 చేసిరి. ఉద్దేశము మంచిదే, కాని లెక్క స్త్రీల తలలమీద పెట్టుటచే ఒక చెడుగు పుట్టినది. మేము గుమాస్తాగా నున్న ఒక కార్ఖానాలో (పేరెందుకు?) హాజరు పట్టీలో స్త్రీల సంఖ్య 30 దాటెడిది కాదు. ముప్పదియొకటవ స్త్రీ వచ్చినచో ఖాళీ లేదనుమని యజమాని ఉత్తరువు. పట్టీలో తప్పు లేదు, తనిఖీ అధికారికి అనుటకు మాట లేదు, పాళణాఘరూ లేదు.

ఇక మన స్త్రీలు హెచ్చుగా చేరినది బీడీ పనిలో. 1966 బీడీ చట్టమును శిశుశాలను విధించినది గాని, అది అనేకమంది స్త్రీలు ఒకచోట కూడి పనిచేయు ఆవరణకే. బీడీ పని చాలవరకు ఇండ్లకు చేరినది. శాఖనుండి ఆకు, పొగాకు తెచ్చుకొని, ఇంట చుట్టి, కట్టలు కట్టి మరల అప్పగింపవలెను. పొగాకు ధూళి ఇంటిలోనే, బిడ్డయు ఆ ప్రక్కనే. చట్టమునకు ఆ బిడ్డ కానరాలేదు. 1976లో బీడీలపై సుంకము విధించి ఏర్పరచిన సంక్షేమనిధివలన దవాఖానాలు, పిల్లల చదువులకు సాయము లభించినవి. ఆ సుంకము 2017లో రద్దయినది.

ఆ 2017లోనే ప్రసూతి చట్టమును సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకు శిశుశాలను విధించిరి. లెక్కలో పురుషులును చేరిరి గనుక స్త్రీని పనిలో చేర్చుకొనకుండుటవలన యజమానికి లాభము తగ్గినది. తల్లి దినమునకు నాలుగు మారులు బిడ్డను చూచి రావచ్చును. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో మరియొక మాట గలదు: పలు సంస్థలు ధనము కూర్చుకొని ఉమ్మడి శిశుశాలను నడపవచ్చును.

షోలాపురమునకు అక్కరకు వచ్చునది ఈ మాటయే. తువాళ్ళు, చద్దర్లు నేయు మన మరమగ్గముల కార్ఖానాలు అనేకము చిన్నవి. ఒక్కొక్కదానిలో 50 మంది ఉండరు. చట్టము తమకు వర్తింపదని ఒక్కొక్క యజమాని ఊరకుండవచ్చును. పదిమంది కలిసినచో ఒక గది, ఇరువురు ఆయాల జీతము, బిడ్డల పాలు భారము కానేరవు. యజమానులలోను మనవారే కలరు గదా! 2006లో కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలకై గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇండ్ల వాడ వెలసినది. అంత పని జరిగిన తావున ఇది దుర్లభమని మేము నమ్మజాలము. పెండ్లిండ్లు లేని దినములలో కుల సంఘముల మంటపములు ఖాళీగానే యుండును. ఆయాలలో ఒకతె తెలుగు వచ్చినదైనచో బిడ్డ తొలిపలుకులు ఇంటి భాషలోనే నేర్చును.

ఏ హాజరు పట్టీలోను పేరు లేని బీడీ తల్లి బిడ్డనుకూడ అచ్చట చేర్చుకొనవలెను. అందుకగు వ్యయమును బీడీ యజమానులు తమ శాఖలలో జమయగు వేల లెక్కను బట్టి పంచుకొనవచ్చును. ఆ లెక్క వారి పుస్తకములలో ప్రతిదినము వ్రాయబడుచునే యున్నది.