డేగల ఆస్పత్రిలో ఒక దేశం కథ

అబుదాబి విమానాశ్రయానికి దగ్గరలో, స్వైహాన్ రోడ్డు పక్కన డేగల ఆస్పత్రి ఉంది. 1999లో తెరిచిన ఈ ఆస్పత్రికి ఏటా పది వేలకు పైగా డేగలను వైద్యానికి తెస్తారు. లోపలే డేగ వేట చరిత్రను చూపే చిన్న మ్యూజియం. తోలు టోపీలు తొడిగిన డేగలు దిమ్మెల మీద వరసగా, కదలకుండా కూర్చుని ఉంటాయి. ఆ టోపీని అరబ్బీలో బుర్కా అంటారు. కళ్లు మూస్తే డేగ బెదరదు. మత్తు ఇచ్చి గోళ్లు కత్తిరిస్తారు. ఈక విరిగితే, దాచిపెట్టిన పాత ఈకల్లోంచి అదే కొలత, అదే రంగు ఉన్నదాన్ని వెతికి అతికిస్తారు. రెక్కలో ఈక లోపిస్తే వేటలో పట్టు తప్పుతుంది.

గల్ఫ్‌కు వలస వెళ్లే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లకు ఈ పక్షి కొత్తదేమీ కాదు. యూఏఈలో పనిచేసేవారి ఐడీ కార్డు మీద రాజముద్రగా ఉన్నది డేగే. అయితే ఊళ్లో 'దుబాయి' అంటే వీసా, కంపెనీ, క్యాంపు, జీతం. చమురు రాకముందు ఆ నేల ఎట్లా బతికిందో ఇక్కడ తెలిసినవాళ్లు తక్కువ.

అబుదాబి నుంచి తొలి చమురు ఓడ కదిలింది 1962లో. యూఏఈ దేశం ఏర్పడింది 1971 డిసెంబరు 2న. అంతకుముందు ఎడారి సంచారులైన బదూలకు ఖర్జూరం, ఒంటె పాలు, ఎండు చేపలే తిండి. మాంసం దొరకడం కష్టం. చలికాలం ముందు వలస వచ్చే డేగను వల వేసి పట్టేవారు. రాత్రింబవళ్లు చేతి మీదే ఉంచుకుని, మాటకు, మనిషికి అలవాటు చేసేవారు. అది హుబారా అనే నేల పక్షినీ, కుందేలునూ పట్టి ఇస్తే ఇంటిల్లిపాదికీ కూర. ఎండలు ముదరకముందే డేగను వదిలేసేవారు. అంటే అది ఒక్క చలికాలపు జీతగాడు. ఉచ్చులతో కుందేళ్లను, వలలతో కంజుపిట్టలను పట్టిన తెలంగాణ పాత తరానికి ఈ ఆకలి వేట తేలిగ్గానే అర్థమవుతుంది. డేగ వేట తెలుగు నేలకూ పాతదే. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులో ఉన్నది వేటడేగే.

చమురు డబ్బుతో జీపులు, తుపాకులు వచ్చాయి. ఆకలి పోయింది, వేట మాత్రం పెరిగింది. హుబారాలు తరిగిపోయాయి. తానే డేగ వేటగాడైన యూఏఈ తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ 1976లో అబుదాబిలో అంతర్జాతీయ డేగ వేటగాళ్ల సదస్సు జరిపించారు. ఆ దశకం చివర్లో అల్ ఐన్‌లో హుబారాల పెంపకం మొదలైంది. దొంగరవాణా ఆపడానికి 2002 నుంచి డేగలకు పాస్‌పోర్టులు ఇస్తున్నారు. పాస్‌పోర్టు విలువేమిటో గల్ఫ్ కార్మికుడికి చెప్పనక్కర్లేదు. 2010లో యునెస్కో డేగ వేటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ గౌరవాన్ని అందరూ ఒప్పుకోలేదు. స్వదేశంలో అడవి హుబారాలు కరువై, గల్ఫ్ వేటగాళ్లు పాకిస్తాన్‌కు, మధ్య ఆసియాకు వెళ్తున్నారు. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2015 ఆగస్టులో హుబారా వేటను నిషేధించింది. 2016 జనవరిలో ఆ నిషేధాన్ని తీసేసింది. వేటకు ఇష్టపడే సకర్ డేగ కూడా అంతరించే ముప్పున్న జాతుల్లో చేరింది. వేట మీద ప్రేమే పెంపకానికి డబ్బు పెట్టించిందని వేటగాళ్లు అంటారు. అది నిజమే. పెంచిన పక్షిని వదిలినంత మాత్రాన అడవి పక్షిని చంపిన నష్టం తీరదని పక్షి శాస్త్రజ్ఞులు అంటారు. అదీ నిజమే. పెంచిన పక్షితో ఆగే వేటను సంప్రదాయమనవచ్చు. కడుపు నిండినవాడు పరాయి దేశంలో అడవి పక్షిని వేటాడటానికి పాత ఆకలి సాకు కాదు.

ఇక మన దగ్గర చూస్తే, భారత్‌లో 1972 చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది. అయినా హుబారా కుటుంబానికే చెందిన బట్టమేక పిట్ట నిలదొక్కుకోలేదు. దాని కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేసినా, ఇప్పుడు అక్కడ అది కనిపించడమే అరుదు. దేశం మొత్తంలో స్వేచ్ఛగా తిరిగేవి రెండు వందల లోపే. 2024 అక్టోబరులో జైసల్మేర్ పెంపక కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో తొలి బట్టమేక పిల్ల పుట్టింది. ఆ పద్ధతిని భారతీయ శాస్త్రజ్ఞులు నేర్చుకున్నది అబుదాబిలోని హుబారా సంరక్షణ సంస్థ దగ్గరే.