గుండెకణములు – రక్తములోని మాంసకృత్తులు

గుండె రక్తమును నడపునని మనమందఱ మెఱుగుదుము. రక్తమునందలి మాంసకృత్తులు గుండెకణములను నడపునా? ఈ ప్రశ్న వెనుక నొక వింతచరిత్ర కలదు. దానిని నేను మీకు సంగ్రహముగా మనవి చేసెదను.

1912వ సంవత్సరము జనవరి 17వ తేదీని న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లరు పరిశోధనాలయమున అలెక్సిస్ కారెల్ అను ఫ్రెంచి వైద్యుడు కోడిపిండము గుండెనుండి చిన్న తునకను గోసి, గడ్డకట్టిన కోడి ప్లాస్మాయందు నాటెను. ప్లాస్మాను గడ్డకట్టించునది ఫైబ్రిన్ అను మాంసకృత్తు. తీగకు పందిరివలె అది కణముల కాధారమయ్యెను. కోడిపిండములను నూఱి తీసిన రసమును వాని కాహారముగా నొసగుచుండిరి. గుండెకొట్టుకొనుట కొంతకాలమునకు నిలిచినను కణములు పెరుగుచునే యుండెను. కారెల్ 1944లో మరణించెను. సహాయకుడగు ఎబెలింగు 1946 వఱకు వానిని పెంచెను. చావులేని గుండెయని యది లోకమున ప్రసిద్ధి కెక్కెను. నిజమునకు మిగిలినవి కండరకణములు గావు, నారకణములు.

ముసలికోళ్ల సీరమునం దీ కణములు మందముగా పెరుగునని వారిరువురు 1921లోనే ప్రకటించిరి. రక్తముతోడనే వార్ధక్యము వచ్చునా యను సందేహ మట్లు పుట్టినది.

1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అను పండితులు సాధారణ మానవకణములు సుమా రేబదిమార్లు విభజింపబడి ఆగిపోవునని చూపిరి. అంతట కారెల్ కణముల యమరత్వము కూలెను. పోసిన పిండరసముతో క్రొత్తకణములు వచ్చి చేరుచుండెనేమోయని పలువు రనుమానించిరి.

అయినను ఆశ చావలేదు. ఏలయన, గుండెపోటున నశించిన కండరము మరల మొలవదు. అచ్చట మచ్చ మాత్రమే మిగులును. 2013లో హార్వర్డు పరిశోధకులు ముసలి యెలుకకును పడుచు యెలుకకును రక్తప్రసరణము నొకటిగా గలిపిరి. నాలుగు వారములలో ముసలియెలుక గుండె మందము తగ్గెను. జి.డి.ఎఫ్. 11 అను మాంసకృత్తే దీనికి కారణమని వారు వ్రాసిరి. 2015లో ఇతరు లదే మాంసకృత్తునిచ్చి చూడగా గుణము కానరాలేదు. తొలుత వాడిన కొలతసాధనము, దానికి తోబుట్టువువంటి మయోస్టాటిన్‌ను గూడ పట్టుచుండెనని తేలినది.

నాకు తోచునది యిది: రెండుమార్లును మనుష్యుని బులిపించినది ఆశయే, దిద్దినది, మరల చేసిచూచిన చేయి. గుండెజబ్బుతో మంచముపట్టినవానికి మన మీయవలసినది తొందరపాటు వార్త కాదు, పదిచోట్ల నిలిచిన సత్యము.