మోటారు సైకిలు టైర్లలో గాలి: ఎండాకాలమని తగ్గించడం సరికాదు

తెలుగు రాష్ట్రాల్లో ఎండలు ముదిరే వేళకు ద్విచక్ర వాహనదారుల మధ్య ఒక సలహా తరచు వినవస్తుంది. వేడికి టైరు పగిలిపోయే ప్రమాదం ఉంది కనుక వేసవిలో గాలి కాస్త తక్కువగా కొట్టించాలన్నది దాని సారాంశం. వినడానికి సబబుగానే తోచే ఈ మాట ఆచరణలో విపరీత ఫలితాన్ని ఇస్తుంది. గాలి తగ్గిన టైరే ఎక్కువగా వేడెక్కుతుంది, వేడెక్కిన టైరే నడిదారిలో చేయిస్తుంది.

వాహనం బరువును ప్రధానంగా మోసేది టైరులో బిగిసి ఉన్న గాలి. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు పొందినా అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుడి మూడు చక్రాల సైకిలు కోసం దానిని మళ్లీ రూపొందించాడు. ఆనాటి సూత్రమే నేటికీ వర్తిస్తుంది. గాలి చాలినంత లేకపోతే నేలను తాకే చోట టైరు అణగిపోయి, దాని పక్కభాగాలు ఉబ్బి వంగుతాయి. చక్రం ముందుకు దొర్లగానే తిరిగి నిలబడతాయి. 18 అంగుళాల చక్రమున్న సాధారణ బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ చక్రం నిమిషానికి 500 సార్లకు పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ టైరులోని ప్రతి భాగం ఒకసారి వంగి లేస్తుంది. ఇనుప తీగను అదేపనిగా వంచితే వేడెక్కినట్లే రబ్బరూ వేడెక్కుతుంది. ఆ వేడికి రబ్బరుకూ లోపలి దారాల పొరలకూ మధ్య పట్టు సడలుతుంది. ట్యూబు ఉన్న టైర్లలో మరో రెండు చిక్కులున్నాయి. గుంతలో పడినప్పుడు రిమ్ముకూ టైరుకూ నడుమ ట్యూబు నలిగి చిరగవచ్చు. టైరు రిమ్ముపై జారి ట్యూబును లాగితే వాల్వు మొదలు తెగిపోవచ్చు. అలాంటప్పుడు గాలి ఒక్కసారిగా పోతుంది. అది ముందు చక్రమైతే బండిని అదుపు చేయడం కష్టం.

ఎండకు టైరులో పీడనం పెరగడం నిజమే. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్కించే కొలతను వాడుకలో పీఎస్‌ఐ అంటారు. 28 పీఎస్‌ఐ ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ హెచ్చుతుంది. ఈ పెరుగుదలను ముందే దృష్టిలో ఉంచుకుని తయారీదారులు సంఖ్యను నిర్ణయిస్తారు. ఆ సంఖ్య చల్లని టైరుకు సంబంధించినది. చల్లని టైరు అంటే కనీసం మూడు గంటలు నీడలో నిలిపి ఉంచిన లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడపని బండి టైరు. మధ్యాహ్నం ఎండలో దూరం వచ్చి, గేజీలో ఎక్కువ చూపిందని గాలి వదిలేస్తే మర్నాటి ఉదయానికి అది ఉండవలసిన దానికంటే తక్కువకు చేరుతుంది. శీతకాలంలో ఆదిలాబాద్ జిల్లాలోనో లంబసింగిలోనో ఇదే లెక్క తిరగబడుతుంది. ఎవరూ వదలకుండానే పీడనం పడిపోతుంది.

ఇక ఎంత ఉండాలన్న ప్రశ్న. టైరు పక్కన అచ్చుగా పోసిన సంఖ్యను చూసి కొట్టించేవారు ఉన్నారు. అది గరిష్ఠ బరువుకు తగిన పీడనాన్ని తెలిపే గుర్తు, బండికి నిర్దేశించినది వేరు. నిర్దేశించిన అంకె యజమాని పుస్తకంలోనూ, చాలా బండ్లకు గొలుసు కవరుపై గానీ ఆ పరిసరాల్లో గానీ అంటించిన చీటీపైనా ఉంటుంది. రోజువారీ ప్రయాణాలకు వాడే చిన్న బండ్లలో ముందు చక్రానికి 25, వెనుక చక్రానికి ఒక్కరే నడిపేటప్పుడు 28 పీఎస్‌ఐ అన్నవి తరచు కనిపించే అంకెలు. వెనుక మరొకరు కూర్చుంటే వెనుక చక్రానికి 32 లేదా అంతకు మించి కావాలి. నమూనాను బట్టి ఇవి మారతాయి కనుక పుస్తకంలోని అంకెదే తుది మాట. కొన్ని పుస్తకాల్లో కొలత చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటుంది. అందులో ఒకటి సుమారు 14.2 పీఎస్‌ఐకి సమానం.

పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు మోసేవారు, భోజనం పొట్లాలు చేరవేసే యువకులు ఇద్దరు మనుషుల బరువుకు తగిన అంకెనే పాటించాలి. ముగ్గురి ప్రయాణానికి ఏ పుస్తకంలోనూ అంకె ఉండదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 128వ సెక్షను చోదకుడి వెనుక ఒక్కరినే అనుమతిస్తుంది.

పగలకూడదని అతిగా నింపడమూ మేలు చేయదు. టైరు బిగుసుకుని నేలను తాకే భాగం తగ్గిపోతుంది, తడిసిన సిమెంటు రోడ్డుపై పట్టు సన్నగిల్లుతుంది, గతుకుల దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. ఏ తప్పు జరుగుతోందో టైరు అరుగుదలే చెబుతుంది. నడిమి భాగం ముందు అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులు ముందు అరిగితే తక్కువ.

బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఊరూరా ఉంది. 20 పీఎస్‌ఐకీ 28కీ తేడాను వేలు పసిగట్టలేదు. గేజీ ఒక్కటే నమ్మదగినది. అనేక చేతులు మారి నేలపై పడే దుకాణం గేజీ కంటే సొంతంగా ఒక చిన్న గేజీ కొనుక్కోవడం మంచిది. పెట్రోలు బంకుల్లో గాలిని ఉచితంగా అందించాలన్న నిబంధన ఉంది. పంక్చరు లేకపోయినా రబ్బరు గుండా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ గాలి సహజంగానే తరిగిపోతుంది కాబట్టి పదిహేను రోజులకొకసారి, దూరప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూసుకోవాలి. నైట్రోజన్ నింపితే ఈ బెడద తీరుతుందన్న ప్రచారంలో అతిశయోక్తి ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. దానికి డబ్బు చెల్లించినా గేజీ పెట్టి చూడక తప్పదు.

గాలి నింపించాక వాల్వు కొనపై తడి వేలు పెట్టి చూసే పాత పంక్చరు దుకాణాల పద్ధతి నేటికీ పనికొస్తుంది. బుడగ లేస్తే లోపలి పిన్ను సరిగా కూర్చోలేదని అర్థం. ఆ తరువాత మూత బిగించాలి. అది దుమ్మునూ తడినీ అడ్డుకుంటుంది, పిన్ను వద్ద స్వల్పంగా కారే గాలినీ ఆపుతుంది. గాలి కొట్టే చోట తీసి పక్కన పెట్టి మరచిపోయేది సాధారణంగా ఈ మూతనే.